ఒంటె మాస్టారి శిష్యుడు

మా బాబాయికి యాభై ఎనిమిదేళ్లు. పేరున్న ఎలక్ట్రీషియన్. జుట్టు నెరిసింది, మనవరాలు కూడా పుట్టింది. అయినా సరే, చిన్నప్పుడు టీవీలో వచ్చిన లెక్కల పాఠంలో బొమ్మలు ఏమన్నాయో చెప్పందే స్క్రూ కూడా తిప్పడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. దానికి మందు లేదని పెళ్లైన వారానికే మా పిన్ని తేల్చేసింది.

ఆ బొమ్మలు ముగ్గురు: ఒంటె మాస్టారు, భాగహారం బావ, సున్నా పాప. ఒంటె మాస్టారు ఏ లెక్కనైనా ముందు నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలి, తర్వాతే జవాబు చెప్పేవాడట. భాగహారం బావ కనిపించినదల్లా అందరికీ సమానంగా పంచేసి, మిగిలింది గుటుక్కున మింగేవాడట. సున్నా పాప ఒక్కతే ఉంటే ఎవరూ పట్టించుకోరు, ఎవరి కుడిపక్కన నిలబడితే వాళ్లు పదింతలైపోతారు. మా ఇంట్లో చుట్టాల పేర్లయినా మర్చిపోతాం కానీ వీళ్ల పేర్లు మర్చిపోవడం మా చేతుల్లో లేదు.

ఓసారి ఒక డాక్టరమ్మ ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోందంటే బాబాయి, ఆయన వెంట నేనూ వెళ్లాం. బాబాయి నిచ్చెనెక్కి కూర్చుని, ఖాళీ నోరు పావుగంట నమిలాడు.

"ఏం నములుతున్నారండీ?" అందావిడ.

"లెక్క నములుతున్నానండీ. మా ఒంటె మాస్టారు అలాగే నేర్పారు."

"పాతకాలం మాస్టార్లే వేరు. ఇప్పుడెక్కడున్నారాయన?"

"తెలీదండీ. ఆయన ఒంటె."

మేం బయటపడేదాకా ఆవిడ వీధి తలుపు దగ్గరే, తలుపు తెరిచిపెట్టుకుని నిలబడింది. షాక్ మాత్రం పోయింది.

ఇంట్లో ఇంకో రకం. నలుగురికి అయిదు యాపిల్స్ తెచ్చి, తలా ఒకటి ఇచ్చి, అయిదోది కరకరా తినేసేవాడు. "శేషం బావది" అనేవాడు. "ఆ బావని ఒక్కసారి నా కంటబడమనండి, చెంప పగలగొడతాను" అనేది పిన్ని.

బాబాయిని వెనకేసుకొచ్చేది మా అత్తయ్య ఒక్కతే. బాబాయికి సొంతక్క, రెండేళ్లు పెద్దది, హైస్కూల్లో లెక్కల టీచరు. పదేళ్లప్పుడు ఆవిడకి కాలు విరిగి ఎనిమిది నెలలు మంచం మీదే ఉందట. ఇంట్లో టీవీ లేదు. బాబాయి పక్కింటి కిటికీకి వేలాడి, పాఠం చూసొచ్చి, మంచం పక్కన నిలబడి మొత్తం ఆడి చూపించేవాడు. "ఆ ఒంటే గనక లేకపోతే నేను లెక్కల టీచర్నే అయ్యేదాన్ని కాదు. ఒక్కసారి ఆ బొమ్మల్ని కళ్లారా చూస్తే చాలురా" అని ఆవిడ ఎన్నిసార్లందో లెక్కలేదు.

సరే, అత్తయ్య రిటైరయ్యే రోజు వచ్చింది. నేనో ఘనకార్యం చేశాను. ఆ పాత పాఠాలు ఇంటర్నెట్లో దొరికితే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేశాను. స్కూలు హాల్లో, పిల్లలందరి ముందూ వేద్దామన్నాను. అత్తయ్య మొహం చూడాలి! చిన్నపిల్లయిపోయింది. బాబాయి మొహం మాత్రం పాలిపోయింది.

"నువ్వు చూశావా?" అన్నాడు నన్ను పక్కకి లాగి.

"లేదు బాబాయ్, అందరితో కలిసి చూద్దామని."

"వద్దురా. ప్రొజెక్టర్ వైరు పాతది, కాలిపోతుంది."

"కొత్త వైరు బాబాయ్."

"కొత్తవే తొందరగా కాలిపోతాయి."

ఈయనకి మతి పోయిందనుకున్నాను.

హాల్లో మూడొందల మంది పిల్లలు. అత్తయ్య మైకు పట్టుకుని, "పిల్లలూ, నాకు లెక్కలు నేర్పినవాళ్లని ఇవాళ మీతోపాటు నేనూ మొదటిసారి చూడబోతున్నాను" అంది. నేను బటన్ నొక్కబోయాను. అంతే, కరెంటు పోయింది. ఎలక్ట్రీషియన్ కోసం వెతికితే, బాబాయి అప్పటికే హాలు వెనక బోర్డు దగ్గర నిచ్చెన మీదున్నాడు. అంత తొందరగా ఎలా ఎక్కాడా అని ఎవరికీ అనుమానం రాలేదు. పది నిమిషాలు నమిలాడు. ఇంకో పది నిమిషాలు నమిలాడు. హెడ్మాస్టరు వాచీ చూసుకున్నాడు.

కింద నిచ్చెన పట్టుకున్న అటెండరు, "సార్, ఆ ఫ్యూజు మీ జేబులోనే ఉంది కదా, కనిపిస్తోంది" అన్నాడు. అని, తీసి తనే బల్లెక్కి పెట్టేశాడు.

తెర మీద బొమ్మ వచ్చింది. కోటు వేసుకున్న బట్టతలాయన, మనకి వీపు పెట్టి నల్లబల్ల మీద రాస్తున్నాడు. "నాలుగో అభ్యాసం, మూడో లెక్క" అని బల్లకే చెప్పుకుంటున్నాడు. అయిదు నిమిషాలైంది. పిల్లలు ఆవలిస్తున్నారు. నేను వీడియోని కాస్త ముందుకి జరిపాను. బట్టతల కూడా వేగంగా జరిగింది.

"ఒంటె ఎప్పుడొస్తాడ్రా?" అంది అత్తయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా.

"రాడక్కా" అన్నాడు బాబాయి నిచ్చెన మీంచి.

అందరూ వెనక్కి తిరిగారు.

"అందులో ఒంటె లేడు. బావా లేడు, పాపా లేదు. ఎప్పుడు చూసినా ఆ బట్టతలే."

"మరి నువ్వు చెప్పినవన్నీ?"

"నువ్వేమో పుస్తకాలు గోడకేసి కొట్టి, ఇంక చదవనన్నావు. టీవీలో ఏం చూపించార్రా అని మాత్రం రోజూ అడిగేదానివి. బట్టతల చూపించారని ఎలా చెప్పమంటావ్?"

"నీకప్పుడు ఎనిమిదేళ్లు కదరా! అయిదో క్లాసు లెక్కలు నీకెలా వచ్చాయి?"

"స్కూలు వదిలాక మీ లెక్కల మాస్టారి దగ్గర కూర్చునేవాణ్ణి. ఓ పట్టాన అర్థమయ్యేవి కాదు. ఇంటికొచ్చేదాకా నమిలేవాణ్ణి."

"ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"నువ్వు వాళ్లని తలుచుకుని అంత సంతోషపడుతుంటే, లేరని చెప్పడానికి నోరు రాలేదక్కా. ఎప్పుడైనా తప్పు చెబితే దొరికిపోతానని, మర్చిపోకుండా రోజూ వాళ్ల మాటే అనుకునేవాణ్ణి. అదే అలవాటైపోయింది."

ఇన్నేళ్లు ఆయన్ని ఆటపట్టించినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ముందా బట్టతలని ఆపు" అంది నాతో. తర్వాత బాబాయితో, "నువ్వు దిగు" అంది. దొంగలా దిగొచ్చిన బాబాయి చేతిలో మైకు పెట్టింది.

"నా కట్టు విప్పి స్కూలుకి పంపిన రోజుకి భాగహారం బావకి పెళ్లి కుదిరింది. ఆ తర్వాత కథ నాకు తెలీదు. యాభై ఏళ్లయింది. పెళ్లికూతురెవర్రా?"

బాబాయి నమిలాడు. మూడొందల మందీ ఆయన దవడనే చూస్తున్నారు.

"సున్నా పాప" అన్నాడు.

"కుదరదూ!" అని హాలంతా ఒక్కసారి అరిచింది. "సున్నాతో భాగించకూడదండీ!" అని ఓ పిల్ల లేచి మరీ చెప్పింది.

"మీ టీచరు బాగానే నేర్పింది. ఒంటె మాస్టారూ అదే అన్నాడు. పెళ్లి ఆగిపోయింది. మరి బావ ఊరుకుంటాడా..."

అత్తయ్య సన్మానం కుర్చీ వదిలేసి, ముందు వరసలో పిల్లల్ని జరగమని, కాళ్లు చాపుకుని వాళ్ల మధ్య నేల మీద కూర్చుంది.

"ఊఁ" అంది.