అతను తెర అన్నాడు

2000వ సంవత్సరం. సింగపూర్‌లోని తువాస్‌లో షిప్‌యార్డు కార్మికులు వచ్చే చిన్న క్లినిక్‌లో నేను నర్సుని. ఐటీ ఉద్యోగాల కోసం మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులు. మా క్లినిక్‌కీ కొత్తగా కంప్యూటర్ వచ్చింది. రిఫరల్, అంటే రోగిని స్పెషలిస్టు దగ్గరికి పంపే చీటీ, అంతకుముందు డాక్టరే చేత్తో రాసేవారు. ఇప్పుడు నేను టైపు చేయాలి. అందులో రెండే గళ్ళు: అర్జెంట్, రొటీన్.

ఆ రోజు వచ్చిన అప్పన్నది శ్రీకాకుళం వైపు. ఓడల రేకులకు గ్రైండింగ్ చేస్తాడు. మా డాక్టరు చైనీస్ ఆయన, తెలుగు రాదు. మధ్యలో నేను.

“ఎడం కంటికి తెర దిగతంది సిస్టరమ్మా. నొప్పేటీ లేదు.”

నేను చిన్నప్పటి నుంచీ బైబిలు వాక్యం వింటూ పెరిగిన దాన్ని. ఆ మాట వినగానే దమస్కు దారిలో చూపు పోయిన మనిషి, తరవాత అతని కళ్ళ నుంచి రాలిన పొరలు గుర్తొచ్చాయి. “కంటికి పొర కమ్మిందట డాక్టర్,” అన్నాను ఇంగ్లీషులో.

ఆయన టార్చి వేసి చూశారు. “పొరా? నాకేం కనపడట్లేదే. శుక్లం మొదలేమో. రొటీన్ చాలు, క్యాన్ లా.”

రొటీన్ గడి నొక్కాను. ఆరు వారాల తరవాతికి అపాయింట్‌మెంట్ వచ్చింది. “ప్రార్థన చేస్తాను, ఓపిక పట్టు నాయనా,” అని పంపేశాను.

పదకొండో రోజున అప్పన్న మళ్ళీ వచ్చాడు.

“సగం దిగిపోనాది సిస్టరమ్మా. మా ఊళ్ళో తెర దించేస్తే నాటకం అయిపోనట్టే. నువ్వేమో ఓపికంటావు!” నవ్వుతూనే అన్నాడు. “ఒంటి కన్నోడిని గ్రైండింగుకి ఎవుడుంచుతాడు? ఇక్కడ పనికిచ్చిన పర్మిట్టు రద్దే.” అంటూ అరచేతిని నుదుటి దగ్గర నుంచి కంటి మీదుగా మెల్లగా కిందికి దించాడు.

నేను నోరు తెరవకముందే డాక్టరు కుర్చీలోంచి లేచారు. “సిస్టర్, ఇది పొర కాదు, కర్టెన్! మొదటి రోజూ ఇలాగే చెప్పాడా?”

 తెర, పొర. నాకు రెండూ ఒకటే అనిపించాయి. కంటి వెనక ఉండే రెటీనా ఊడిపోతుంటే పైనుంచి తెర దిగుతున్నట్టు ఉంటుందట. గంటలు లెక్కపెట్టుకుని పరుగెత్తాల్సిన కేసు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో చేర్చాం, మర్నాడు ఆపరేషన్ అయింది.

వెలుగు, మనుషుల ఆకారాలు దక్కాయి. అక్షరాలు దక్కలేదు. ముందే పంపి ఉంటే? స్పెషలిస్టుని అడిగాను. “చెప్పలేం,” అన్నారు.

పర్మిట్ రద్దయ్యాక అప్పన్న ఊరికి వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చాడు. “నువ్వు తెర అంటే డాక్టరుకి పొర అని నేనే తప్పుగా చెప్పాను,” అని ఒప్పుకున్నాను.

 “తెర, పొర... నాకూ తేడా తెల్దు సిస్టరమ్మా. పోన్లే, నీ ప్రార్థన సగం పని సేసింది గదా!”

అది ఓదార్పో, ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. దేనికి స్తోత్రం చెప్పాలో, దేనికి క్షమాపణ అడగాలో తేలక కూర్చుండిపోయాను.

తప్పు నా మాటదా, టార్చిదా, ఆ రెండు గళ్ళదా? దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. కంటి బాధతో ఎవరొచ్చినా మాత్రం ముందు ఒకటే అంటాను: “చెప్పకు నాయనా, చేత్తో చూపించు.”