బెడోక్ గాలిలో గంజి చీర

ఆ రోజుల్లో ప్రపంచమంతా మన కోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోందని మాకు గట్టి నమ్మకం. అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసినవాళ్ళందరూ ముందు పాస్‌పోర్టుకి ఫోటో దిగేవాళ్ళు, ఆ తర్వాతే పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్ళు. ఆ గాలికే నేనూ సింగపూర్‌లో వచ్చి పడ్డాను. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు పనులు చూసే ఆఫీసులో టెస్టింగు ఉద్యోగం. అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. (ఆ పనికి జీతం కూడా ఇస్తారంటే మా అమ్మ చాలాకాలం నమ్మలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను అదే పని ఉచితంగా చేసి తిట్లు తిన్నదాన్ని.) ఎవరైనా నాతో 'వద్దు' అన్నారంటే సరిగ్గా అదే చెయ్యాలనిపించడం నా పుట్టుబుద్ధి. అలాంటిదాన్ని తీసుకొచ్చి, రైల్లో తినొద్దు, తాగొద్దు, కంపుకొట్టే డ్యూరియన్ పండు తేవద్దు అని గోడగోడకీ రాసిపెట్టుకున్న దేశంలో వదిలారు మావాళ్ళు.

బెడోక్‌లో ఒక గవర్నమెంటు ఫ్లాటులో నేనూ కరీంనగర్ అమ్మాయీ కలిసి అద్దెకుండేవాళ్ళం. ఆ అమ్మాయికి ఈ ఊరి నిబంధనలన్నీ కంఠతా వచ్చు కాబట్టి నేను రూల్సమ్మ అని పేరు పెట్టాను. పాపం, మంచిపిల్ల. కానీ రోడ్డు దాటేటప్పుడు పచ్చబొమ్మ వెలిగినా ఇంకోసారి అనుమానంగా చూసి మరీ కాలు వేసేది. ఇక ఆఫీసులో మా టీముకి పెద్ద, రాజమండ్రి పెద్దమనిషి. మాకందరికంటే ముందే ఈ దేశం వచ్చినాయన గనక ఆయన్ని సీనియర్ గారు అనేవాళ్ళం. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"చూడమ్మా, సోమవారం క్లయింట్ వస్తున్నాడు. నీ రిపోర్టు నువ్వే చెప్పాలి. కాస్త ఫార్మల్స్‌లో రా. ప్యాంటూ షర్టూ. ఈ చీరలూ అవీ వద్దు."

"చీర ఫార్మల్ కాదాండీ?"

"అది మన ఇళ్ళల్లో ఫార్మలమ్మా. ఇక్కడ మనం ప్రొఫెషనల్‌గా కనపడాలి కదా."

నిజం చెప్పాలంటే ఆ క్షణం వరకూ నాకు సోమవారం చీర కట్టుకునే ఉద్దేశమే లేదు. ఇస్త్రీ చేసిన ప్యాంటు హ్యాంగరుకి వేలాడుతూనే ఉంది. కానీ ఆయన 'ఈ చీరలూ అవీ' అన్నప్పుడు ఆ 'అవీ' దగ్గర మూతి కొద్దిగా వంకర తిప్పారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మా, అమ్మమ్మా, మా హైస్కూలు లెక్కల మేడమూ అందరూ ఆ 'అవీ'లోకి వచ్చేశారు. ఇక నేను ఆ మీటింగులోకి చీరతో అడుగుపెట్టాలి, లేదా అసలు ఉద్యోగమే మానేయాలి అన్నంత పట్టుదల వచ్చింది. అదీ మామూలు చీర కాదు, మా అమ్మ పెట్టెలో పెట్టి పంపిన మంగళగిరి నేత చీర. ముదురాకుపచ్చ, సన్న జరీ అంచు. గుంటూరు జిల్లాలో పుట్టినదానికి నేత చీర అంటే గంజి పెట్టాలి, పెట్టకపోతే అది కట్టుకున్నట్టు కాదు, చుట్టుకున్నట్టు.

కానీ గంజి ఏది? మా ఇంట్లో ఉన్నది కరెంటు కుక్కరు. అది నీళ్ళన్నీ తాగేసి పొడి అన్నం చేతికిస్తుంది. అందుకని ఆదివారం పొద్దున్నే గిన్నెలో అన్నం పెట్టి, మూత అడ్డంగా పట్టుకుని వార్చడం మొదలుపెట్టాను. రూల్సమ్మ నిద్ర కళ్ళతో వచ్చి చూసి, "కుక్కర్ ఉండంగ గిదేందక్కా? పిచ్చి లేసిందా?" అంది. చీర ముంచి, పిండీ పిండకుండా తీసి, వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడి ఫ్లాటుల్లో కిటికీ కింద గొట్టాలుంటాయి. పొడుగాటి వెదురుకర్రకి బట్టలు తగిలించి ఆ కర్రని గొట్టంలో గుచ్చితే, జెండా కర్రలాగా గాలిలోకి పొడుచుకుని ఉంటుంది. షర్టులూ తువ్వాళ్ళూ అయితే బాగానే ఉంటుంది. గంజి పెట్టిన చీరకి మాత్రం ఎక్కువ మడతలు పడకూడదని మా అమ్మమ్మ శాసనం. అందుకని ఒకే ఒక్క మడత మీద వేలాడదీశాను. అది కింది అంతస్తు వాళ్ళ కిటికీ మొత్తాన్నీ కప్పేసి, వాళ్ళ బట్టల మీద చుక్క చుక్కగా గంజి కార్చడం మొదలుపెట్టింది.

కింద నుంచి ఒక తల బయటికొచ్చింది. తెల్ల జుట్టు చైనీస్ ఆంటీ. "హే! అప్‌స్టెయిర్స్! యువర్ క్లాత్ డ్రిప్పింగ్ లా! అయ్యో!" అని అరిచింది. (అయ్యో అన్నది మన సొంతం అనుకునేదాన్ని. ఆ ఊళ్ళో అందరూ అంటారు.) నేనూ తల బయటపెట్టి, "క్లాత్ కాదు, శారీ! ఎండిపోతుంది, వెయిట్!" అని సగం తెలుగులో సమాధానమిచ్చాను. ఆవిడ టౌన్ కౌన్సిల్‌కీ, మా ఇంటి ఓనరుకీ ఫోను చేస్తానంది. చేసుకోమన్నాను. రూల్సమ్మ నా వెనక నిలబడి దండం పెడుతోంది. "అక్కా, ఇల్లు ఖాళీ చేయిస్తరు. నీ కాల్మొక్త, తీసెయ్యరాదూ!"

"ఎవరు చేయిస్తారో చూద్దాం. నేను తియ్యను."

నేను తియ్యలేదు, గాలే తీసింది. సముద్రం పక్కనే కాబట్టి బెడోక్‌లో గాలికి కొదవ లేదు. చీర ఒక్కసారి తెరచాపలా ఉబ్బి, పట్టుకున్న క్లిప్పులన్నీ విదిలించుకుని, నెమ్మదిగా, ఎంతో హుందాగా వెళ్ళి ఆంటీ కర్రల మీద పడింది. చూస్తుండగానే ఒక చెయ్యి బయటికొచ్చి దాన్ని లోపలికి లాగేసుకుంది. నేను పరుగున మెట్లు దిగి వెళ్ళి ఇనప గ్రిల్లు బాదాను. ఎవరూ తియ్యలేదు. లోపల వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. నా తెలివి ఎంత గొప్పదో చూడండి, ఆ చప్పుడుకీ నా చీరకీ ఏమైనా సంబంధం ఉంటుందేమోనని నాకు తట్టనేలేదు.

మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఇంగ్లీషులో కొట్లాడటానికి కావలసిన మాటలన్నీ మెట్ల మీద వల్లెవేసుకుంటూ వెళ్ళాను. ఈసారి ఆంటీ తలుపు తీసింది. మడతపెట్టిన నా చీరని రెండు చేతులతో ఇచ్చింది. "ఐ వాష్ ఫర్ యూ ఆల్రెడీ. సో స్టిక్కీ! యూ డోంట్ నో హౌ టు వాష్, ఆ?" అని జాలిగా అడిగింది. నాకు బట్టలు ఉతకడం రాదని, సబ్బు సరిగ్గా వదిలించలేదని ఆవిడ అనుకుంది. అందుకని మెషీన్లో వేసి, సువాసన వచ్చే మందు కూడా పోసి ఉతికింది. ముట్టుకుంటే చంటిపిల్లల పొత్తిగుడ్డలా మెత్తగా ఉంది. వల్లెవేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, గుమ్మంలో నిలబడి భోరుమన్నాను.

ఆవిడ కంగారుపడి లోపల కూర్చోబెట్టింది. నేను ముక్కు చీదుకుంటూ అన్నం ఉడకడం, గంజి వార్చడం, చీర నిటారుగా నిలబడటం అన్నీ చేతులతో అభినయించి చూపించాను. కాసేపటికి ఆవిడ మొహం వెలిగింది. "ఓ! స్టార్చ్! మార్నింగ్ యూ షౌట్ షౌట్, వై నెవర్ సే స్టార్చ్?" అంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా తన స్కూలు యూనిఫారానికి పెట్టేదట. అసలు ఇవాళే ఎందుకింత గోల అని అడిగింది. సీనియర్ గారి సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళు చిన్నవి చేసి, "హీ వేర్, ఆర్ యూ వేర్?" అని ఒక్క ప్రశ్న వేసింది. కట్టుకునేది ఆయనా నువ్వా అని. దేశంకాని దేశంలో మా వంశంవాళ్ళు ఇంకొకళ్ళు దొరికారని అప్పుడు అర్థమైంది.

ఆవిడ వంటింట్లో సూపు చిక్కబడటానికి వాడే కర్రపెండలం పిండి ఉంది. ఒక చెంచా చాలన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. గంజి మాది, మాకు తెలుసన్నాను. పిండి నాది, నాకు తెలుసంది. ఇద్దరం గరిటె కోసం పోట్లాడుకున్నాం, ఆవిడే గెలిచింది. చీరని హాల్లో కుర్చీల మీద పరిచి ఫ్యాను పెట్టి, తను టీవీ సీరియల్ చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి అది ఎండింది. ఎండటమంటే అలా ఇలా కాదు, అప్పడంలా ఎండింది. ఆంటీ వేలితో తట్టి చూసి, గర్వంగా, "గుడ్!" అంది.

సోమవారం ఆ చీర నేను కట్టుకోలేదు, అందులోకి ప్రవేశించాను. కుచ్చిళ్ళు నాకంటే జానెడు ముందు నడిచాయి. రైల్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునే వీలు లేక తానా మెరాలో రైలు మారి ఎక్స్‌పో స్టేషనులో దిగేదాకా నిలబడే వెళ్ళాను. సీనియర్ గారు నన్ను చూసి, "ఏంటమ్మా ఇది?" అన్నారు. "చీరండీ," అన్నాను. క్లయింట్ వచ్చాడు, చెయ్యి కలిపాడు, కూర్చున్నాడు. నేను తెర మీద వేలు పెట్టి చూపించినప్పుడల్లా పైట కరకరమంటోంది. ఆయన రెండుమూడుసార్లు తలెత్తి ఏసీ వైపు అనుమానంగా చూశాడు. అంతే. చీర బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఇంకా మిగిలిన తప్పులు ఎప్పటికి సరిదిద్దుతారని అడిగాడు, చెప్పాను, తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. ఇంత యుద్ధం చేసి వస్తే ఒక్కడూ గమనించలేదని నాకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది.

సీనియర్ గారు మాత్రం గమనించారు. ఆ ఏడు దీపావళికి క్లయింట్లందరినీ పిలిచి పార్టీ పెట్టారు. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, ఈసారి గొంతు పెంచి, "ఆడపిల్లలందరూ చీరల్లో రావాలమ్మా. మన సంస్కృతి చూపిద్దాం. నువ్వు ముందు నిలబడాలి, ఆ రోజు కట్టుకున్నావే, ఆకుపచ్చది, అదే కట్టుకుని రా," అన్నారు.

నేను నల్ల ప్యాంటూ తెల్ల షర్టూ వేసుకుని వెళ్ళాను. ఆయన కళ్ళు తేలేసి, "ఇదేంటమ్మా?" అన్నారు.

"ఫార్మల్సండీ," అన్నాను.

ఆ సంగతి చెబితే కింది ఆంటీ సోఫాలో పడి పడి నవ్వింది. రూల్సమ్మ ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా ఆ గంజి చీర మాటే ఎత్తి, "నీతోని ఉన్నందుకు నన్నెప్పుడు జైల్ల ఏస్తరో అని భయపడి సచ్చిన అక్కా!" అంటుంది. నేనేమో మెత్తబడిపోయాను. ఇప్పుడు ఎవరేది కట్టుకోమన్నా మారు మాట్లాడకుండా కట్టుకుంటున్నాను. ఒక్కోసారి బయల్దేరే ముందు అద్దం దగ్గర నిలబడితే, బెడోక్ నాటి ఆ పాతికేళ్ళ పిల్ల నడుం మీద చేతులేసుకుని, "ఇది ఎవరు కట్టుకోమన్నారు నిన్ను?" అని నిలదీస్తున్నట్టుంటుంది. "ఎవరూ అనలేదే తల్లీ, నాకే ఇలా హాయిగా ఉంది," అని నవ్వేసి తలుపు తాళం వేసుకుంటాను.

ఆ పిల్ల నమ్మదు.