పండిన గోరింటాకు, పడని వేలిముద్ర

కరోనాకు ముందు మాట. మక్కాకు ఉమ్రా యాత్ర పోయేవాళ్లు వీసా కోసం చెన్నై దాకా వెళ్లి వేలిముద్రలు వేసి రావలసిన రోజులవి. నెల్లూరులో ఒక జిరాక్సు కొట్టు మేడ మీద చిన్న గది నా ఆఫీసు. పాస్‌పోర్టులు, వీసా అప్లికేషన్లు, అపాయింట్‌మెంట్లు చూడడం నా పని. టికెట్లు, బసలు, యాత్ర నడిపించడం టూర్ వాళ్ల బాధ్యత. కాగితాల్లో ఎక్కడైనా మెలిక పడితే మాత్రం మనిషిని నా మేడ మెట్లెక్కించేవారు.

నిజానికి ఇది ఓపిక ఉన్నవాళ్లు చెయ్యాల్సిన పని. నాకేమో అదే కరువు. అప్లికేషన్ పంపింది మొదలు జవాబు వచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాను. కంప్యూటర్ ముందు కూర్చుంటాను, లేస్తాను, కిందికి దిగి టీ తాగుతాను, మళ్లీ వచ్చి చూస్తాను. "వీసా వాళ్లకా, నీకా?" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, ఇన్నేళ్లు ఈ పని చేసినా నాది పోలేదు. ఆ ఏడాది చిల్లకూరు తోడికోడళ్ల వ్యవహారంలో మాత్రం అది నన్ను నిలువునా తినేసింది.

పెద్దామె హుసేన్‌బీ, చిన్నామె ఖాసింబీ. దూదేకి పరుపులు కుట్టే కుటుంబం. ఇద్దరికీ భర్తలు పోయారు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే పరుపును చెరో వైపు నుంచీ కుట్టుకుంటూ ముసలితనంలోకి వచ్చారు. ఆ రోజు వాళ్లను తీసుకొచ్చింది హుసేన్‌బీ కొడుకు మస్తాన్.

ముగ్గురూ కూర్చున్నారో లేదో ఖాసింబీ మొదలుపెట్టింది. "అక్కా, నీ ముందర బల్ల ఉండాది. దానెనక అమ్మాయి కూసోనుండాది. పచ్చ చీర, జరీ అంచు. నిద్ర చాలనట్టు ఉండాది పాపం. గోడ మీద ఇమానం బొమ్మ, రెక్క కాడ కొంచెం చినిగింది."

నాకు చిరాకు పుట్టింది. నా గదికి, నా చీరకు, నా నిద్రకు ఈవిడ వ్యాఖ్యానం ఏమిటి? అప్పుడు గమనించాను, హుసేన్‌బీ తల అటూ ఇటూ తిప్పుతూ నన్ను వెతుకుతోంది. ఆవిడకు నీటికాసులు. డాక్టర్లు గ్లాకోమా అంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింటుంది, చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మందు చుక్కలు ఉన్నదాన్ని కొంతకాలం కాపాడతాయి, అంతే.

"ఎన్నాళ్లుంటాదో పెద్ద డాక్టరే చెప్పలేనన్నాడమ్మా," అంది హుసేన్‌బీ. "ఉండంగానే మక్కా పోయి కాబా చూడాల. అంతకన్నా నాకేం కోరికల్లేవు."

అంత స్పష్టంగా తన కోరిక చెప్పే మనిషి నా గదికి రావడం అరుదు. వెంటనే పనిలో దిగాను. వయసు మళ్లిన ఆడవాళ్లు కాబట్టి ఇద్దరూ మగతోడు లేకుండా గ్రూప్‌లో వెళ్లవచ్చు. గ్రూప్ వీసా అంటే పేర్లన్నీ ఒకే కట్టగా వెళ్తాయి, ప్రయాణం కలిసే ఉంటుంది. కానీ బయోమెట్రిక్, అంటే వేలిముద్రలూ ఫొటో ఇచ్చే పని, ఎవరిది వాళ్లదే. ఎవరి ముద్ర పడకపోతే వాళ్ల పేరు కట్టలోంచి జారిపోతుంది. ఆ సంగతీ చెప్పాను. చేతుల మీద గాయాలు, రంగులు, గోరింటాకు ఏవీ ఉండకూడదని మస్తాన్‌కు రెండుసార్లు చెప్పాను. అతను బుద్ధిగా తలూపాడు.

చెన్నై వెళ్లిన రోజు మధ్యాహ్నం మస్తాన్ ఫోను. "అక్కా, మా అమ్మది అయిపోయింది. పిన్నమ్మ వేళ్లు మిషను తీసుకోలేదు."

"వేళ్లకు ఏమొచ్చింది?"

అటువైపు బస్సుల మోత. "గోరింటాకక్కా."

జరిగింది ఇది. పవిత్ర యాత్రకు పోయే ఆడమనిషికి వాళ్ల వీధి ఆడవాళ్లు గోరింటాకు పెట్టి, "మా కోసం కూడా దువా చెయ్యమ్మా" అని అడగడం వాళ్ల ఆనవాయితీ. యాత్ర ఎప్పుడో అయినా సరే, చెన్నై ప్రయాణమే యాత్రకు మొదలు అనుకుని ముందు రోజు సాయంత్రం రోలు నిండా ఆకు రుబ్బుకొచ్చారు. ఈ కాలపు పిల్లలు పెట్టుకునే సన్న తీగల డిజైన్లు కావు, పాతకాలపు పద్ధతిలో వేలి వేలికీ నిండా టోపీలు పెట్టారు. హుసేన్‌బీ ఆ సాయంత్రం కంటి ఆస్పత్రి నుంచి ఆలస్యంగా రావడంతో తప్పించుకుంది. ఖాసింబీ దొరికిపోయింది. మస్తాన్ వద్దని అరిచాడట. "మొగోడివి, నీకేం తెలుసురా" అని వీధంతా అతని మీద పడింది. ఖాసింబీకి వద్దనడానికి నోరు రాలేదు. గోరింటాకు వద్దంటే వాళ్ల దువాలు, ప్రార్థనలు వద్దన్నట్టే అనుకుంది. మంచి ఆకు, బ్రహ్మాండంగా పండింది. వేలి కొసలు నల్లబారేంత ఎరుపు. ఆ ఎరుపు కింద గీతలేవో, మడతలేవో మిషన్ పోల్చుకోలేకపోయింది.

మర్నాడే ముగ్గురూ మళ్లీ నా గదిలో ఉన్నారు. నాకు మార్గం తేటగా కనిపిస్తోంది. మస్తాన్‌కు పాస్‌పోర్టు ఉంది, పేరు మార్చడానికి ఇంకా వ్యవధి ఉంది. తల్లీకొడుకులు వెళ్తే సరిపోతుంది. ఖాసింబీ తర్వాత ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఆవిడ కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. ఇదే చెప్పాను.

"పో అక్కా," అంది ఖాసింబీ, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖంతో. "నా వల్ల నీ యాత్ర చెడితే నేనెట్టా బతికేది? నీ కాళ్లు పట్టుకుంటా. మస్తాన్ని తీసుకోని పో."

హుసేన్‌బీ అడ్డంగా తలూపింది. "నేను పోను."

"ఎందుకు పెద్దమ్మా?" నా గొంతు లేచింది.

"మస్తాను మంచోడే అమ్మా. చెయ్యి పట్టుకోని నడిపిస్తాడు. మెట్టుంది అంటాడు, గుంతుంది అంటాడు. కాబా కాడికి తీసకపోయి, ఇదేమ్మా కాబా అంటాడు. అయిపాయ. ఇదైతే చెప్తాది. యాడ ఏముండాది, ఎవురేం కట్టుకున్నారు, ఎవురు నవ్వతా ఉండారు, ఎవురు ఏడస్తా ఉండారు, అన్నీ చెప్తాది. నాకు కనపడేది జానెడు. మిగతాదంతా దీని నోట్లోనే ఉండాది."

"ఆ జానెడు కూడా పోతే?"

అడిగేశాను. మస్తాన్ నా వైపు చూసి తల దించుకున్నాడు. హుసేన్‌బీ మాత్రం ఏమీ అనుకోలేదు.

"పోతే ఇంక దీని మాటే గతి గదమ్మా. అప్పుడన్నా ఇదే కావాల."

ఇద్దరి పేర్లూ తర్వాతి గ్రూప్‌కు మార్చాను. మొదటి గ్రూప్ వెళ్లిపోయింది. ఆ విమానం లేచిన పూట నేను చేసిన పని ఒక్కటీ లేదు, ఆఫీసుకు తాళం వేసి ఊరంతా స్కూటర్ మీద తిరిగాను. ఎవరో ముసలావిడ చూపు నా చేతిలో పెట్టి పోయినట్టు, అది వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నట్టు ఒకటే గాబరా.

గోరింటాకు దానంతటదే పోవాలి. గోళ్ల మీద ఉంటే ఉండనీ, వేలి కొసల చర్మం మారితే చాలు. "ఏమీ చెయ్యొద్దు, ఊరికే ఉండండి" అని ఖాసింబీకి మరీ మరీ చెప్పాను. ఊరికే ఉండమని నేను ఇంకొకరికి చెప్పడం మా ఆయనకు పెద్ద హాస్యం అయింది.

ఆవిడ ఊరికే ఉండలేదు. నిమ్మకాయతో తోమింది. చింతపండుతో రుద్దింది. గచ్చు నేల మీద వేళ్లు అరగదీసింది. చివరకు రొయ్యల గుంటల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ ఎవరినో అడిగి తెచ్చుకుని, బకెట్ నీళ్లలో కలిపి చేతులు ముంచింది. రంగు దిగింది. దాంతో పాటు తోలూ ఊడింది. రెండోసారి చెన్నై వెళ్తే మిషన్‌కు గీతలే దొరకలేదు, ఆ గ్రూప్ కూడా చేజారింది.

సంగతి తెలిసి నేను బస్సెక్కి చిల్లకూరు వెళ్లాను. వాకిట్లో పాత పరుపు విప్పి దూది ఆరబోసి ఉంది. ఖాసింబీ చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది.

"చూపించండి."

చూపించింది. వేలి కొసలు తెల్లగా, ఉడకబెట్టినట్టు నున్నగా ఉన్నాయి. రెండు వేళ్లు చీలి నెత్తురోడుతున్నాయి.

"ఎందుకు చేశారు చిన్నమ్మా? ఏమీ చెయ్యొద్దని చెప్పానా లేదా?"

"ఎర్రగా ఉంటే తీసుకోలేదు గదమ్మా. తెల్లగా ఉంటే తీసుకుంటాదేమోనని..."

తిట్టడానికే అంత దూరం పోయాను. ఆ చేతులు చూశాక తిట్టు నోటికి రాలేదు, ఏడుపొచ్చింది. తొందరపడి ఒక పనిని పాడుచేసుకోవడం ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కొబ్బరినూనె రాయమన్నాను. గిన్నెలు తోమొద్దు, దబ్బనం పట్టొద్దు అన్నాను. దబ్బనం అంటే పరుపు కుట్టే లావు సూది.

"నేను కుడతాలే," అంది హుసేన్‌బీ వాకిట్లో ఓ మూల నుంచి. ఇంకో పరుపు అంచును ఎడమచేత్తో తడుముకుంటూ అప్పటికే కుడుతోంది. కుట్టు వంకర పోవడం లేదు. కానీ కోడలు, మస్తాన్ భార్య, టీ గ్లాసు అందిస్తే ఆవిడ చెయ్యి గ్లాసుకు పక్కన గాలిని పట్టుకుంది. నా గదికి వచ్చిన రోజున అలా లేదు. కోడలు గ్లాసును చేతికి తాకించింది. ఖాసింబీ నా ముఖం చూసి కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత నాకు చిల్లకూరు దారి అలవాటైపోయింది. సంచిలో స్టాంప్ ప్యాడ్, తెల్ల కాగితాలు వేసుకుని వెళ్లేదాన్ని. ఖాసింబీ వేళ్లు ఒక్కొక్కటే సిరాలో అద్ది కాగితం మీద దొర్లించి వెలుతురులో పట్టుకుని చూసేదాన్ని. మొదట్లో నల్ల మచ్చలే. తర్వాత ఎక్కడో ఒక గీత. ఇంకొన్నాళ్లకు రెండు మూడు సుడులు. అవి పూర్తిగా రాకముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలని చెయ్యి ఊరుకునేది కాదు. తీసుకుని మళ్లీ ముద్ర పడకపోతే? ఆగితే పెద్దామె చూపు? రెండింటి మధ్యా నలిగాను. వెళ్లిన ప్రతిసారీ హుసేన్‌బీ ఒకటే అడిగేది: "తోలు వచ్చిందా అమ్మా?" నేనూ ఒకటే అడిగేదాన్ని: "చుక్కలు వేసుకున్నారా పెద్దమ్మా?"

పది వేళ్ల గీతలూ కాగితం మీద నిలిచాక మూడోసారి చెన్నైకి నేనే వెంట వెళ్లాను. లోపలికి నన్ను రానివ్వరు. గేటు బయట ఎండలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉన్నాను. కాపలా ఆయన జాలిపడి కుర్చీ చూపించాడు, వద్దన్నాను. చాలాసేపటికి ఖాసింబీ బయటకు వచ్చింది, వస్తూనే వాక్ప్రవాహం.

"అమ్మాయి బంగారం అమ్మా, అరవ పిల్ల. బొటనేలు పడలా. తడిగుడ్డతో తుడిచినాది, పడలా. 'అళుత్తుంగ పాట్టీ' అని, నొక్కు అవ్వా అంటా, నా ఏలి మీద దాని ఏలు పెట్టి నొక్కినాది. పచ్చ లైటు వెలిగినాది! దానికి మొటిమలుండాయి పాపం, కాటుక బాగా పెట్టుకోనుండాది..."

గేటు దగ్గరే ఆవిడను గట్టిగా పట్టుకున్నాను. వీసాలు వచ్చాయి. ఇద్దరూ వెళ్లారు.

తిరిగి వచ్చాక ఖర్జూరాలు, మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్లు తీసుకుని నా మేడ మెట్లెక్కారు. హుసేన్‌బీని ఖాసింబీ ఒక్కో మెట్టూ చెప్తూ తీసుకొచ్చింది. చూపు ఎంత మిగిలిందో ఆ నడకలోనే తెలిసిపోయింది. అడగాలంటే భయంగానే ఉంది, అడక్కుండా ఉండడం నా వల్ల కాదు.

"కనిపించిందా పెద్దమ్మా?"

"కాబా మీది నల్లగుడ్డ మూరెడు కనపడినాది. మెరస్తా ఉండాది." ఆవిడ ముఖం విప్పారింది. "మిగతాది చెప్పవే అన్నా దీన్ని. పలకదు. ఏమైందే అన్నా. పలకదు. తడిమి చూస్తే మొహమంతా నీళ్లు. ముప్పై ఏళ్లుగా వాగతా ఉండే మనిషి, తీసకపోయింది దేనికో ఆ పని కాడ నోరు పడిపోయింది!"

ఖాసింబీ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత చేసి, ఇన్నాళ్లు ఆగి, చివరికి ఇదా?

"మరి మీకు..."

"దీని నోరే మూతపడిందంటే అదెంత గొప్పగా ఉండాదో నాకు తెలీదామ్మా?" అంది హుసేన్‌బీ. "అట్టా ఇద్దరం ఒకర్నొకరం పట్టుకోని నిలబడిపోయినాం. మస్తాను వచ్చుంటే, ఇదేమ్మా కాబా అని చక్కంగా చెప్పుండేవోడు."

ఉమ్రా వీసాల నియమాలు ఆ తర్వాత ఎన్నోసార్లు మారాయి. నా ఓపిక మాత్రం పెరగలేదు. ఇప్పటికీ జవాబు వచ్చేదాకా ఒకచోట కూర్చోను. ఒక్కటి మాత్రం మారింది. కలిసి పోయేవాళ్లలో ఒకరికి అడ్డంకి వస్తే, ఆ ఖాళీలో ఇంకో పేరు పెట్టి పని ముగించేదాన్ని అంతకుముందు. ఇప్పుడు కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసేస్తాను. "ఈ మనిషి లేకుండా వెళ్తారా?" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను.