టైర్ల మీద కూర్చున్న పెద్దాయన

పొలాల్లో తిప్పే నా బురద మోటారు సైకిలుకి తారు రోడ్డు కోసం రెండో జత చక్రాలు కొని, గుడివాడ బస్టాండులో అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డాను. సాయంత్రం మా బావ పెళ్ళి ఊరేగింపులో ముందు బండి నాదేనని ఊరంతా చెప్పేశాను.

చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చి, వాటిని దొంగసొత్తును చూసినట్టు చూశాడు. "ఈ చక్రాలెందుకురా?"

"నా బండికి రెండో జతండీ. పొలానికో జోడు, పెళ్ళికో జోడు చెప్పులుండవా అండీ? ఇవి పెళ్ళివి."

ఆయన నవ్వలేదు. ముందు చక్రం మధ్య ఖాళీలో కర్రతో పొడిచాడు. "బ్రేకేది?"

"దివిసీమ బురదలో ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతామండీ. అందుకే అందరం పీకేస్తాం. వీటికీ కొనలేదు."

"మరి తారు మీద?"

"దేవుడున్నాడుగా!"

"ఉన్నాడు. నా కాలు ఆయన దగ్గరే ఉంది." పంచె పైకి లాగాడు. కింద చెక్కకాలు.

చక్రాలు ఒకదానిపై ఒకటి పడేసి, పీటలా వాటిమీద కూర్చున్నాడు. ఊరేగింపుకి అందే ఆఖరి బస్సొచ్చింది. బతిమాలాను, తిట్టాను. కర్ర ఎత్తాడు. బస్సు వెళ్ళిపోయాకే లేచాడు.

"ఇప్పుడు తీరికేగా. పోయి బ్రేకు కొనుక్కో."

ఊరేగింపు నేను లేకుండానే జరిగిపోయింది. ఆ ముసలాయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ముందు బ్రేకు లేకుండా తారు రోడ్డు మాత్రం ఎక్కలేదు.