బండి తూకం రెండుసార్లు

ఆ రోజుల్లో లెక్క వచ్చినవాడికి లోకమంతా వచ్చినట్టే అనుకునేవాణ్ణి. ఎనభైల చివర్లో బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరుగా చేరినప్పుడు నా దగ్గర కొత్త కాలిక్యులేటర్, అంతకంటే కొత్త మీసం ఉండేవి (రెండింటినీ గంటకోసారి తడుముకునేవాణ్ణి). చెరకు రసాన్ని ఆవిరితో కాచే హీటర్ దగ్గర పనిచేసే పెద్దాయనను అందరూ పైపులన్న అనేవారు. గొట్టం మీద అరచెయ్యి పెట్టి రసం ఎంత కాగిందో చెప్పేసేవాడు. నాకది ఉత్త నాటువైద్యంలా కనిపించేది.

ఒకరోజు రసానికి సెకనుకు ఎంత వేడి అందుతోందో లెక్క కట్టాను. నిమిషానికి ఆరు వందల లీటర్లు, అంటే సెకనుకు పది. అక్కడిదాకా బాగానే ఉంది. మీటర్లు పాతవి, ఫారన్‌హీట్‌వి. రసం లోపలికి వెళ్ళేటప్పుడు తొంభై, బయటికి వచ్చేటప్పుడు నూట అరవై రెండు; తేడా డెబ్బై రెండు. దాన్ని సెంటీగ్రేడులోకి మార్చడానికి, బళ్ళో నేర్పినట్టే ముప్పై రెండు తీసేసి, తొమ్మిదింట అయిదు వంతులు చేస్తే ఇరవై రెండు వచ్చింది. అందాల్సిన వేడిలో సగమే అందుతోంది, గొట్టాల లోపల గార పట్టింది, ఈయన కడిగించడం లేదు అని తేల్చేశాను. పైపులన్న నా భుజం మీదుగా చూస్తూ, "తేడా తీసినంక మళ్ల ముప్పై రెండెందుకు తీస్తున్నరు సారూ? గది రెండు దిక్కుల ఉండె, తేడాలనే పాయె. చెరకు నిండిన బండి తూకంలకెళ్లి ఖాళీ బండిది తీసినంక ఇంకోసారి బండి తూకం తీస్తరా? రైతు కొడ్తడు" అన్నాడు. ఏడో తరగతి చదివిన మనిషి నాకు చెప్పడమా అని నవ్వి, కాగితం మా పై అధికారి పెద్దసారుకు ఇచ్చాను. మర్నాడే పైపులన్నను హీటర్ నుంచి తీసి చెరకు యార్డులో, ఎండలో వేశారు.

ఆదివారం హీటర్ విప్పితే గొట్టాలు తళతళలాడుతున్నాయి. "చూశావా, మనిషిని మార్చగానే ఎంత శుభ్రమో" అని పెద్దసారు నన్నే మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం గదిలో మళ్ళీ లెక్క వేశాను. ఈసారి తేడాలోంచి ముప్పై రెండు తీయలేదు; నలభై వచ్చింది. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా రెండు నెలలుంది. కాగితం చింపేశాను.

తర్వాతొక మధ్యాహ్నం యార్డులో చెరకు బళ్ళ తూకం కాటా దగ్గర పైపులన్న కనిపించాడు. చెప్పేద్దామని నోరు తెరిస్తే, ఎండ ముదిరిందన్న మాటే వచ్చింది. ఆయన తలగుడ్డ సర్దుకుని, "ఉన్నది గని సారూ, ఈడ బండి తూకం ఒక్కసారే తీస్తరు" అన్నాడు.

గొట్టాలు ముందునుంచీ శుభ్రంగానే ఉన్నాయి, తప్పు నాది. ఈ ఒక్క మాట ఆనాడు పెద్దసారుతో అనవలసింది. పైపులన్న మళ్ళీ హీటర్ ముఖం చూడకుండానే రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే, ఎంత పెరిగిందో సెంటీగ్రేడులో చెబుదామని కాలిక్యులేటర్ తీస్తాను. వేలు ముప్పై రెండు దాకా వెళ్ళి ఆగిపోతుంది. నవ్వుకుని దాన్ని పక్కన పెట్టి, నుదుటి మీద అరచెయ్యి ఆనిస్తాను.