కోర్టు పేరు రాసింది నేనే

ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయిన నాకు కోర్టులతో పరిచయం తక్కువ. జీవితంలో దిగిన కోర్టు ఒక్కటే, కాలేజీలో షటిల్ ఆడేది. అందులోనూ గెలిచిన గుర్తు లేదు. అయినా ముత్తుకూరు దగ్గర రొయ్యల షెడ్డు నడుపుతూ, ఇంగ్లీషు కాగితాలు నాచేత రాయించుకునే మా భాయ్‌కి ఏ కోర్టు కావాలో నేనే తేల్చాను.

భాయ్ రొయ్యలు లండన్‌లో ఒక వ్యాపారికి వెళ్లేవి. ఆ దేశం ఐరోపా కూటమి నుంచి బయటికి వచ్చేశాక ఆ వ్యాపారి నుంచి కొత్త ఒప్పందం కాగితం వచ్చింది. పాతదాంట్లో ఐరోపాలోని ఏదో ఊరి కోర్టు పేరు అచ్చయి ఉండేది, ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ చోట ఖాళీ వదిలి, తగాదా వస్తే ఏ కోర్టో మీరే చెప్పండి అన్నారు. వాళ్లు వదిలిన ఖాళీ, ఖాళీగా ఉన్న నేనూ భలే కుదిరాం.

"నెల్లూరు రాయండి ఐవోరా. బస్సెక్కి పోయొస్తా," అన్నారు భాయ్.

"నెల్లూరంటే వాళ్లు నవ్వుతారు భాయ్."

"నవ్వితే నవ్వనీండి. కౌంటు తేడా వస్తే మనమేం జేస్తాం? టబ్బు కాడే తేల్చుకుంటాం గదా."

నిజమే. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదే కౌంటు, ధర దాన్నిబట్టే. పేచీ వస్తే రైతొక గుప్పెడు, వ్యాపారొక గుప్పెడు ఒకే టబ్బులోంచి తీసి కాటాలో వేస్తారు. ఇద్దరికీ ఏమీ కాని మూడో మనిషి లెక్కపెడతాడు. అతని మాటకు తిరుగులేదు. నేను మాత్రం అరగంట పాఠం చెప్పి, గుండ్రటి అక్షరాలతో లండన్ అని రాశాను. భాయ్ సంతకం పెట్టారు.

రెండో ఏడు ఒక కంటైనర్ సరుకు పాడైందని వాళ్లు తీసుకోలేదు. గడ్డకట్టించి పెట్టెలకెత్తిన రోజు నేనూ చూశాను, మంచి సరుకు. కానీ అడగాలంటే లండన్ పోవాలి. నెల్లూరులో లాయరు ఒప్పందం చదివి తలెత్తాడు.

"ఈ లండన్ రాసిందెవరు?"

భాయ్ నా వైపు చూడలేదు. "ఇద్దరం రాసినాం సార్," అన్నారు.

కేసు నడపాలంటే షెడ్డు అమ్మాలి. నడపకపోయినా, ఆ సరుకుకు తెచ్చిన అప్పు తీర్చడానికి అమ్మాలి. ఆ సరుకు మీద మాకు ఏ హక్కూ లేదని రాసిస్తే అక్కడే పారేయిస్తామని, లేకపోతే వెనక్కి తెచ్చుకునే ఖర్చు మాదేనని లండన్ నుంచి కబురొచ్చింది. ఆ ఉత్తరమూ నేనే రాశాను. నాలుగు వాక్యాలు. ఒక కామాను రెండుసార్లు తీసి, రెండుసార్లు పెట్టాను. అంతకంటే చేయగలిగిందేమీ లేకపోయింది.

భాయ్ సంతకం పెట్టి, కొనేవాళ్లకు షెడ్డు చూపించడానికి తాళాలు తీసుకుని లేచారు. ఎటు పోతున్నా "రాండి ఐవోరా" అనే మనిషి, ఆ రోజు అనలేదు.