పొగకు తగ్గించిన లక్ష

కరీంనగర్ శివారులో ఇల్లు కొనడంలో నన్ను మించినవాడు లేడని చాలా రోజులు చెప్పుకుని తిరిగాను. చెప్పిన ధర మీద లక్షన్నర తగ్గించాను, అదీ ఒక్క చాయ్ తాగేలోపు. దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. అడిగిన ధర ఇచ్చి రావడం మా ఇంట్లో అనారోగ్యం కింద లెక్క.

అప్పటిదాకా మేము బజారులో, దుకాణం వెనకాలే ఉండేవాళ్లం. ముందు గదిలో కిరాణం, మధ్యలో ఒక తెర, తెర వెనక సంసారం. పక్కనే మిరపకాయల గోదాం. లారీ దిగినప్పుడల్లా వీధంతా తుమ్మేది. మా ఆవిడ తుమ్మి ఊరుకునేది కాదు, దగ్గు పట్టుకుంటే పొద్దు తిరిగేదాకా వదిలేది కాదు. ఉబ్బసం, మా మాటలో దమ్ము, ఉందని, దుమ్ముకు దూరంగా ఉండాలని డాక్టరు చెప్పాడు.

కానీ సగం దుకాణాన్ని ఆ తెర వెనక నుంచి ఆమే నడిపేది. వంట చేస్తూనే బయటి మాటలన్నీ వినేది. "కందిపప్పు నిన్నటి ధర కాదు, చూస్కో!" అని పోపు చిటపటల మీదుగా కేక వేస్తే, గల్లా దగ్గర నేనూ, ఎదురుగా నిలబడ్డ గిరాకీ మనిషీ ఇద్దరమూ ఉలిక్కిపడేవాళ్లం. "నీకన్న అక్కనే నయం సేటూ, ముంచినా మొకం మీద చెప్పి ముంచుతది" అని సరుకుకు వచ్చినవాళ్లు నన్ను ఆడిపోసుకునేవాళ్లు.

ఆమె దమ్ము కోసమే శివారు వెతికాను. మరీ దూరం కాదు, బండి మీద దుకాణానికి వచ్చిపోయేంత దూరం. ఇల్లు అమ్మేది గోదావరిఖని బొగ్గుబాయిల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. మేము చూడబోయింది వానాకాలంలో. వంటింటి కిటికీ తెరిస్తే పచ్చటి పొలం, పొలం అవతల ఇటుక బట్టీ. పొగగొట్టం తడిసి, చల్లగా నిలబడి ఉంది. మా ఆవిడ కిటికీ ముందు నిలబడి కడుపు నిండా గాలి పీల్చుకుంది. అది చూసి నాకు కంగారు పుట్టింది. కొనేవాళ్ల మొహంలో ఇష్టం కనిపిస్తే ధర దిగదు. వెంటనే లోపాలు ఎత్తుకున్నాను.

"నడుమ రైలు గేటున్నది గదా కాకా. పడ్డదంటే అర్ధగంట నిలవడాలె."

"యాభై తీసెయ్ సేటూ."

"మరి గా బట్టీ సంగతేంది? ముట్టిస్తే పొగంత మా ఇంట్లకే గదా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "లక్ష తీసెయ్" అన్నాడు.

పాతిక వేలు అడుగుదామనుకున్నచోట లక్ష! మా బజారులో ఎవరైనా అంత తొందరగా దిగితే, మూట విప్పి అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాం. ఆ రోజు పెట్టలేదు. నా నాలుక మహిమ అనుకున్నాను. ఆయన దగ్గుకుంటూ లోపలికి పోయి కాగితాలు తెచ్చాడు. బొగ్గుబాయి దగ్గు అనుకున్నాను.

బేరానికి చెప్పే లోపాలను మావాళ్లెవరూ నమ్మరు. బియ్యంలో నూక ఎక్కువుందని గొంతు చించుకుంటాం, అవే బియ్యం ఇంటికి తెచ్చి వండుకుని బాగున్నాయంటాం. పొగ మాట కూడా నాకు అలాంటిదే. నిజం నా నోటి నుంచే వచ్చింది, నా చెవికి మాత్రం అందలేదు.

శ్రావణంలో ఇల్లు చేరాం. మొదటి నెలలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. వంటింట్లో పగటిపూట లైటు వేయాల్సిన పని లేదు. బోరు నీళ్లు పుష్కలం. ఆమె పెరట్లో మెంతికూర చల్లింది. రాత్రులు దగ్గు లేకుండా నిద్రపోయింది. పగలు మాత్రం ఏమీ తోచేది కాదు. దుకాణానికి ఫోన్ చేసేది.

"పప్పు ఎంతకమ్మినవ్?"

చెప్పేవాణ్ణి.

"మునిగినవ్ పో" అని పెట్టేసేది.

దీపావళి దాటాక బట్టీ ముట్టించారు. చలికి పొగ పైకి లేవదు. పొలం మీదుగా పాకి, సందు దొరికినచోటల్లా ఇంట్లోకి దూరేది. ఆరేసిన బట్టల మీద సన్నటి మసి. ఆ కిటికీ మూసేశాం. ఆమెకు మందు పీల్చే పంపు లేకుండా పూట గడవడం మానేసింది.

"బజార్ల మిరపకాయలే నయముండె. ఏడనన్న అర్ర కిరాయికి చూడు" అంది.

చూడలేదు. సొంతిల్లు పెట్టుకుని ఇంకో గదికి కిరాయి కడితే నేను తగ్గించిన లక్షన్నర ఏడాదికింత కరిగిపోతుంది. "ఎండాకాలం దాటనియ్యి" అన్నాను.

ఒక సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆమె గడపలో కూర్చుని, రెండు చేతులతో తలుపు పట్టుకుని ఉంది. పంపు పని చేయలేదు. పక్కింటి ఆటోలో వేసుకుని బయలుదేరాం. గేటు పడి ఉంది.

"గేటు తియ్యన్నా, మనిషి పాణం పోతాంది!" అని ఆటో అతను అరిచాడు.

"సగం బండి పట్టాల మీదనే ఉన్నది, నేనేం జెయ్యాలె!" అని గేటాయన అక్కడినుంచే అరిచాడు.

బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి నిదానంగా పోతున్నాయి. ఆమె నా చొక్కా పట్టుకుని ఉంది. కాసేపటికి పట్టు సడలింది. పాత ఇంట్లో ఉండి ఉంటే ఆస్పత్రి రోడ్డు దాటితే వచ్చేది.

బతికింది. కానీ ఊపిరితిత్తులు మునుపటిలా కావని డాక్టరు చెప్పాడు. అప్పుడు వెతికాను అర్ర, గోదాంకు దూరంగా, ఆస్పత్రికి దగ్గరగా. శివారు ఇల్లు అమ్మకానికి పెట్టాం.

మళ్లీ వానాకాలంలో ఒక యువకుడు ఇల్లు చూడడానికి వచ్చాడు. ఆ రోజు ఇల్లు ఊడ్పించడానికని మా ఆవిడ కూడా వచ్చింది. అతను కిటికీలోంచి చూసి, "గా బట్టీ నడుస్తదా అన్నా? పొగొస్తది గదా" అన్నాడు. గొంతులో బేరమే తప్ప నమ్మకం లేదు.

"లక్ష తీసెయ్ తమ్మీ" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది.

అతను నవ్వు ఆపుకున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు.

వంటింటి గడపలోంచి మా ఆవిడ ఏదో అంది. అతనికి వినబడలేదు. "ఏమన్నరక్కా?" అని దగ్గరికి పోయాడు.

"మీ ఇంట్ల... దమ్మున్నోళ్లు... ఉన్నరా?"

"మా అవ్వకున్నది."

"అయితే... వద్దు తమ్మీ."

అతను నావైపొకసారి చూసి, హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

లెక్క తేల్చాలి. గేటుకు యాభై వేలు, పొగకు లక్ష, నాకు మిగిలాయి. ఆస్పత్రికి అంతకంటే ఎక్కువే పోయింది, దాన్ని కలపను, డబ్బు మళ్లీ వస్తుంది. శివారు ఇచ్చినవి కూడా రాయాలి: ఎండ పడే వంటిల్లు, మెంతికూర, దగ్గు లేని కొన్ని నెలల నిద్ర. పోయింది ఆమె గొంతు. ఇప్పుడు దుకాణంలో నేను తప్పు ధర చెప్పినా తెర వెనక నుంచి గానీ, ఫోన్లో గానీ ఎవరూ కేక వేయరు. ఆ రోజు పెద్దాయన లక్ష అన్నప్పుడు నేను లోపలికి పోయి, నీ ఊపిరికి ఇంత ఇస్తున్నారు, ఇవ్వమంటావా అని అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదో తెలుసు. గట్టిగానే అనేది.